బరువు లేని చోట ఇసుక

1870వ సంవత్సరము జనవరి 23వ తేదీ సాయంకాలమున, నాటి విశాఖపట్టణము జిల్లాలో, పార్వతీపురము ప్రాంతమందలి నెడగొల్ల యను పల్లెకడ, ఆకాశమునుండి ఒక ఇనుపముద్ద నేలబడినది. దాని బరువు సుమారు నాలుగున్నర కిలోలు. ఆ ప్రాంతము నాటినుండి నేటిదాక తాను తిలమంతయు కదలకయే విశాఖపట్టణమునుండి శ్రీకాకుళము జిల్లాకును, 1979లో విజయనగరము జిల్లాకును, 2022లో పార్వతీపురము మన్యము జిల్లాకును మారినది గాని, ఆ ముద్ద మాత్రము ప్రపంచపు ఉల్కాపట్టికలలో నెడగొల్ల యను పేరుతోనే నిలిచిపోయినది. అందు నూటికి ఆరుపాళ్లకు దరిదాపుగా నికెలు కలదు. మిగిలినది దాదాపుగా అంతయు ఇనుము. ఆ లోహములో కొంచెము సిలికాన్ కరగియున్నట్లు 1970లో వాయ్, వాసన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన భూమిమీద సిలికాన్ ప్రాణవాయువుతో కూడి ఇసుకయై, రాయియై కనబడునే కాని ఇనుములో కరగి యుండుట అరుదు. ప్రాణవాయువు మిక్కిలి కరవైన తావున పుట్టిన లోహమునకే అట్టి లక్షణము అబ్బును. మన సీమలో పడిన ఆ ముద్ద ఇంత దూరపు సమాచారమును వెంటబెట్టుకొని వచ్చినది.

ఇట్టి లోహఖండమును చేతబట్టి చూచినవారికి, కుజునకును గురునకును నడుమ తిరుగాడు గ్రహశకలములన్నియు ఇట్టి గట్టి పిండములే కాబోలునని తోచుట సహజము. ఖగోళశాస్త్రజ్ఞులకును చిరకాలము అట్లే తోచినది. 1801 జనవరి మొదటి తేదీన పియాజీ సీరిస్‌ను కనుగొన్ననాటినుండి, 1861 ఏప్రిలులో మన చెన్నపట్టణపు వేధశాలయందు పోగ్సన్ దొర 'ఆసియా' యను శకలమును కనుగొన్ననాటివరకు, ఆ తరువాత నూరేండ్లకు పైగా కూడ, దూరదర్శినిలో ఇవి కదలుచున్న వెలుగుచుక్కలు మాత్రమే. చుక్కను చూచి అది శిలయో రాశియో ఎవరు చెప్పగలరు? రాళ్లు, రప్పలు, మట్టి, ధూళి తమ స్వల్పమైన గురుత్వముతో ఒకదానినొకటి పట్టుకొని కూడియున్న కుప్పలే ఇందు అనేకమై యుండవచ్చునను ఊహ 1970ల చివర గాని శాస్త్రజ్ఞులలో బలపడలేదు.

ఆ ఊహకు సాక్ష్యములు రెండు వైపులనుండి వచ్చినవి. మొదటిది భ్రమణము. సుమారు 200 మీటర్లకు మించిన గ్రహశకలములలో 2.2 గంటలకంటె తక్కువ కాలములో తనచుట్టు తాను తిరుగునది దాదాపు కానరాదు. గట్టి శిలయే యైనచో అంతకంటె వడిగా తిరిగినను దానికి ముప్పు లేదు. కేవలము గురుత్వముచేత పేర్చబడిన కుప్ప యైనచో, ఆ వేగమును దాటినంతనే నడుమభాగపు రాళ్లు ఎగిరిపోవలసినదే. వందలకొలది శకలములు ఒకే గీటువద్ద ఆగిపోవుట చూచి, ఇవి కుప్పలే యని అనుమానము కలిగినది. రెండవ సాక్ష్యము సాంద్రత. 2005లో జపానువారి హయబుసా నౌక ఇటోకావా యను చిన్న శకలమును సమీపించి, దాని బరువును పరిమాణమును నిర్ణయింపగా, ఘనసెంటీమీటరునకు 1.9 గ్రాములు మాత్రమే తేలినది. అట్టి రాతికి మూడు గ్రాములకు పైగా ఉండవలయును. అనగా అరకిలోమీటరు పొడవు గల ఆ పిండములో నూటికి నలువది పాళ్లు ఖాళీ. తరువాత చూచిన ర్యుగూ, బెన్నూ అను శకలముల సాంద్రతలు 1.19 మాత్రమే, నీటికంటె కొంచెమే ఎక్కువ.

కనుక గ్రహశకలమును తెలిసికొనవలెనన్న ఇసుకను తెలిసికొనవలసి వచ్చినది. ఇసుకను గురించి మన శ్రీకాకుళము, విజయనగరముల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. భావనపాడునుండి కళింగపట్టణము మీదుగా కోనాడ వరకు గల మన తీరమంతయు దానిదే రాజ్యము. వంశధార సముద్రములో కలియు కళింగపట్టణపు ఒడ్డున, అల వెనుదిరిగిన తడియిసుకపై కాలు మోపి చూడుడు: పాదము చుట్టును ఇసుక ఒక్క క్షణము తెల్లబారి పొడియైనట్లు కనబడును, పాదము తీసినంతనే ఆ గుంటలో నీరూరును. కాలిబరువునకు నీరు పైకి చిమ్మవలసినది పోయి లోపలికింకుటకు కారణమును 1885లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు వివరించెను. దట్టముగా కూరుకొనియున్న రేణువులు ఒకదానిపై నొకటి జరుగవలెనన్న ముందు ఒకింత ఎడము కావలయును. ఆ ఎడములలోనికి నీరు దిగిపోవును. అదే ఒడ్డున వరదపోటు తీసిన పిమ్మట నల్లని చారలు ఏర్పడియుండుట చూచియేయుందురు. అవి ఇల్మెనైటు, గార్నెటు మొదలగు బరువు ఖనిజములు. తెల్లని క్వార్ట్జు సాంద్రత 2.65 కాగా ఇల్మెనైటు సాంద్రత 4.7. వెనుదిరుగు అల తేలికవానిని ఈడ్చుకొనిపోయి బరువువానిని విడిచిపోవును. ఎవ్వరును ఏరకయే, ఎవ్వరును జల్లించకయే, ఇసుక తనంత తాను వేరుపడుచున్నదన్న మాట.

ఇంత సామాన్యమైన పదార్థమునకు ఇంతవరకును ఒక సంపూర్ణమైన సమీకరణము లేదు. నీటి ప్రవాహమునకు ఉన్నది, గాలికి ఉన్నది, ఉక్కుదూలము వంపునకు ఉన్నది. ఇసుక మాత్రము నిలబడినవాని కాలిక్రింద ఘనము, పిడికిలి సందున ద్రవము, పెనుగాలిలో దాదాపు వాయువు. ఏ క్షణమున ఏ రూపము ధరించునో ముందుగా చెప్పుట దుష్కరము. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన కె. కేశవరావు, ప్రభు నాట్ అను ఆచార్యులు ఈ రేణుప్రవాహములపై 2008లో ఒక ఉద్గ్రంథమును కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయముద్వారా వెలువరించిరి. ఈ విషయమున మన దేశములో జరుగుచున్న కృషి స్వల్పమైనది కాదని చెప్పుట కీ మాట.

భూమిమీదనే ఇంత చిక్కైనప్పుడు, ఇక గ్రహశకలముమీది మాట యేమి? ఇటోకావాపై గురుత్వము భూమిమీదిదానిలో ఇంచుమించు లక్షవ వంతు. అచ్చట సెకనుకు పదిపదునైదు సెంటీమీటర్ల వేగముతో పైకి విసరిన గులకరాయి మరల క్రిందికి రాక అంతరిక్షములో కలిసిపోవును. బెన్నూపైనుండి సెకనుకు అయిదు సెంటీమీటర్ల వేగముతో, అనగా చీమ పరుగుకంటె రవంత ఎక్కువ వడితో, లేచిన రాయి తిరిగి నేలను తాకుటకు దాదాపు అరగంట పట్టును. ఇట్టి పరిస్థితిని ఏ ప్రయోగశాలలో కల్పింపగలము? ఎత్తైన గోపురమునుండి పెట్టెను జారవిడిచినను, విమానమును ఎగురవేసి దింపినను, బరువులేనితనము కొన్ని సెకనులకు మించి నిలువదు. అరగంట పట్టు సంఘటనకు అది యే మూలకు? అందుచేతనే ఈ విద్యకు కంప్యూటరు శరణ్యమైనది.

ఇందుకు వాడు గణనపద్ధతిని కనిపెట్టినవారు ఖగోళజ్ఞులు కారు, పునాదులు, గనులు, కట్టడములు చూచుకొను భూయాంత్రికులు. పీటర్ కండాల్, ఓటో స్ట్రాక్ అనువారు 1979లో ప్రకటించిన ఒక వ్యాసము దానికి ఆధారము. వారి ఆలోచన ఇది: రాశి యొక్క సమీకరణము తెలియకున్న పోనిమ్ము, ఒక రేణువు ఇంకొక రేణువును తాకినప్పుడు ఏమగునో తెలియును గదా. రెండు గుండ్లు తాకినవి. ఒకదానిలోనికి ఒకటి వెండ్రుకవాసి నొక్కుకొన్నట్లు లెక్కించి, ఆ నొక్కుడును బట్టి స్ప్రింగు వలె వెనుకకు నెట్టు బలమును కట్టవలెను. గుద్దుకొనుటలో నష్టమగు శక్తికి కొంత తరుగు వేయవలెను. ప్రక్కకు జారబోయినచో, 18వ శతాబ్దమున కూలుంబు చెప్పిన ఘర్షణ నియమము చొప్పున, నొక్కుడుబలములో ఇంత భాగమువరకు అడ్డగించి, ఆ మేర దాటినంతనే జారనీయవలెను. ఇంతియే శాస్త్రము, పదవతరగతి విద్యార్థికిని బోధపడునంత సులభము. ఈ లెక్కను ప్రతి రేణువునకును, దానిని తాకుచున్న ప్రతి పొరుగు రేణువుతోను చేసి, అన్నిటిని కూడి, న్యూటను సూత్రముతో దానిని ఒక అణుమాత్ర కాలము ముందుకు జరిపి, మరల మొదటినుండి చేయవలెను.

కష్టమంతయు ఆ 'మరల' యనుటలో ఉన్నది. ఒక్కొక్క అంగ సెకనులో లక్షవ వంతనుకొన్నను, బెన్నూపై ఎగిరిన ఆ రాయి క్రిందికి వచ్చు అరగంటకు పదునెనిమిది కోట్ల అంగలు వేయవలెను. పైగా భూమిమీది ఇసుకకు లేని తద్దినము ఇంకొకటి కలదు: ప్రతి రేణువును మిగిలిన ప్రతి రేణువును తన గురుత్వముతో లాగుచుండును. పదివేల రేణువులున్నచో జతలు అయిదు కోట్లు. అందువలన దూరముగానున్న రేణువుల గుంపును ఒక్క ముద్దగా భావించి, దగ్గరవానిని మాత్రము విడివిడిగా లెక్కించు ఉపాయమును వాడుదురు. మేరీలాండు విశ్వవిద్యాలయమున డెరెక్ రిచర్డ్‌సన్ మొదలగువారు ఈ రెంటిని జోడించి గ్రహశకలములకు అనువైన కంప్యూటరు క్రమణికను పెంపొందించిరి. కొలరాడోలో పాల్ సాంచెజ్, డేనియల్ షీరీస్ అనువారు తమ మార్గమున తాము సాగించిరి. ఎంత చేసినను బెన్నూ వంటి శకలమును నిజమైన మిల్లీమీటరు రేణువులతో నింపుట ఏ యంత్రమునకును శక్యము కాదు. ఆ సంఖ్య కోటికోట్లకు వందలరెట్లు. కావున వేలో లక్షలో పెద్ద గుండ్లను తీసికొని, అవి చిన్నవానికి బదులుగా నటించునని ఒప్పుకొందురు.

ఇక్కడ నాకు తోచిన మాట ఒకటి చెప్పవలెను. కంప్యూటరు తెరపై రాళ్లు దొర్లుచు, కొండలు కూలుచు కనబడు బొమ్మకు ఒక మోహనశక్తి కలదు. చూచినవాడు అదియే సత్యమని నమ్ముటకు సిద్ధపడును. కాని ఆ గుండ్లు గుండ్రనివి, నిజమైన రాళ్లు కోణములు గలవి. గుండ్రనిది ఊరక దొర్లిపోవును గనుక, దొర్లకుండ కృత్రిమముగా ఒక అడ్డును లెక్కలో చేర్తురు; ఆ అడ్డు ఎంతయో నిర్ణయించుట గణకుని విచక్షణకే విడువబడినది. స్ప్రింగు బిగువును సైతము నిజమైన రాతి బిగువుకంటె ఎంతయో తగ్గింతురు, లేకున్న అంగ మరింత చిన్నదై లెక్క యుగాంతమునకును తెమలదు. ఇవి మోసములు కావు, అవసరములు. కాని శ్రోత ఎరిగియుండదగినవి. ఏ గణకుడైనను ముందుగా తన యంత్రముచేత భూమిమీది ఇసుకకుప్పను పోయించి, ఆ కుప్ప ఏటవాలు నిజమైన కుప్పతో సరిపోయినదని చూపినగాని, వాని ఆకాశపు మాటలను నేను ఆలకింపను.

ఇక ఆ గణనలు నేర్పిన వింతలలో మొదట పేర్కొనదగినది రేణువును రేణువు అంటిపట్టుకొను బలమును గురించినది. ఏ రెండు వస్తువులు మిక్కిలి చేరువయైనను అణువుల నడుమ స్వల్పమైన ఆకర్షణ కలదు; దానికి వాన్ డర్ వాల్స్ బలమని పేరు. మన తీరపు ఇసుకరేణువు విషయమున దాని నెవరును లెక్కచేయరు, రేణువు బరువు దానిని సులువుగా జయించును గనుక. అయితే బరువు రేణువు వ్యాసము యొక్క ఘనమును బట్టి పెరుగును. అంటుబలము కేవలము వ్యాసమును బట్టి పెరుగును. భూమిమీద మిల్లీమీటరులో పదవవంతు ధూళికణమువద్ద ఈ రెండును ఇంచుమించు సమానమనుకొన్నచో, గురుత్వము లక్షవ వంతైన చోట ఆ సమానత వ్యాసములో మూడు వందల రెట్లు పెద్దదైన రేణువువద్ద, అనగా మూడు సెంటీమీటర్ల గులకరాయివద్ద, ఏర్పడును. అచ్చటి గులకలు ఇచ్చటి ధూళి చేయు పనులను చేయునన్న మాట. షీరీస్ ప్రభృతులు 2010లో ఈ లెక్కను విస్తరించి చూపిరి. సన్నని ధూళి పెద్దరాళ్ల సందులలో కూరుకొని, వానిని బలహీనమైన సున్నపుగచ్చు వలె పట్టియుంచునని సాంచెజ్, షీరీస్ 2014లో గణించిరి.

ఆ పట్టు ఎంతటిదో ఒక ఉదాహరణము చాలును. 1950 డి.ఏ. యను శకలము 2.1 గంటలకొకసారి తిరుగుచున్నది. ఇందాక చెప్పిన గీటును అది దాటినది. కేవలము గురుత్వము దానిని నిలుపజాలదు. దానిని నిలుపుటకు కావలసిన అంటుబలము 64 పాస్కలులని 2014లో రోజిటిస్ ప్రభృతులు తేల్చిరి. ఆరున్నర మిల్లీమీటర్ల లోతు నీటిపొర పళ్లెము అడుగున కలిగించు ఒత్తిడి అది. ఒక కిలోమీటరుకు పైగా విస్తరించిన లోకము అంత మాత్రపు ఆధారముతో చీలిపోక తిరుగుచున్నది.

రెండవ వింత పెద్దరాళ్లది. ఇటోకావా పైతలముపై పెద్ద పెద్ద బండలు ఒకవైపున, సన్నని గులక చదునుగా పరచికొన్న పల్లము ఇంకొకవైపున కనబడినవి. మన యిండ్లలో స్త్రీలు చేటలో బియ్యము పోసి నేమునప్పుడు, నూకలు అడుగునకు దిగి, వడ్లగింజలు పైకి తేలి, వ్రేళ్లతో ఏరుటకు అనువుగా ఒక అంచునకు చేరుట అందరెరిగినదే. పాశ్చాత్యులు దీనిని బ్రెజిలు కాయల పేర పిలుతురు, కలగాయల సంచిని కుదిపినప్పుడు పెద్దవైన ఆ కాయలు పైకి వచ్చును గనుక. 1987లో రొజాటో ప్రభృతులు దీనిని తొలిసారి కంప్యూటరుపై అనుకరించి, కుదుపుతో పెద్దదాని క్రింద క్షణకాలము ఏర్పడు ఖాళీలోనికి చిన్నవి దూరుటయే, పెద్దది దిగుటకు చోటు లేకపోవుటయే కారణమని చూపిరి. కాని చేటకు అంచులున్నవి, సంచికి గోడలున్నవి. గోడల ఒరపిడియు ఈ వేరుపాటులో పాలుపంచుకొనును. నలుదిక్కుల శూన్యమే యైన గ్రహశకలమునకు గోడ యెక్కడిది? 2016లో పెరేరా ప్రభృతులు గోడలు లేని గోళాకారపు కుప్పను యంత్రములో నిర్మించి కుదిపి చూడగా, వెలిపొరలలో పెద్దవి పైకి వచ్చినవి. కేంద్రమునకు చేరువలో మాత్రము చిన్నవియు పెద్దవియు కలగలిసియే మిగిలినవి. ఒరపిడి లేని రేణువులతో చేసినప్పుడు వేరుపాటు సరిగా జరుగలేదు. ఆ కుదుపు ఎచ్చటినుండి వచ్చుననగా, చిన్న చిన్న ఉల్కలు వచ్చి తాకినప్పుడెల్ల కుప్పయంతయు కంపించును.

మూడవది ఆకారము. సూర్యరశ్మి వక్రమైన ఆకారము గల చిన్న శకలముపై పడి, వేడియై తిరిగి వెలువడునప్పుడు, లక్షల యేండ్లమీద దాని భ్రమణవేగమును హెచ్చించునో తగ్గించునో చేయును. వాల్ష్, రిచర్డ్‌సన్, మిషెల్ అనువారు 2008లో ఒక కుప్పను యంత్రములో మెల్లమెల్లగా వడిపెంచి త్రిప్పగా, ధ్రువములనుండి రాళ్లు నడుమునకు జారి, నడుమున ఉబ్బు ఏర్పడి, చివరకు అచ్చటినుండి విడిపోయిన రాళ్లు కూడి ఒక చిన్న చంద్రుడే పుట్టినాడు. పది సంవత్సరములు గడిచిన పిదప ర్యుగూను, బెన్నూను దగ్గరనుండి చూచినప్పుడు, ఆ రెండును బొంగరపు ఆకృతితో, నడుమున ఉబ్బుతో కనబడినవి. ఇదే విషయమును కాన్పూరు ఐ.ఐ.టి.లో ఇషాన్ శర్మ యను ఆచార్యుడు వేరొక దారిని సాధించెను. విడివిడి గుండ్లను గాక, రాశి నంతటిని ఒకే అవిచ్ఛిన్న పదార్థముగా గ్రహించి, ఎట్టి ఆకారము ఎట్టి వేగమువద్ద నిలుచునో, ఎప్పుడు కూలునో నిర్ధారించు ఆయన గ్రంథము 2017లో వెలువడినది. ఇసుక జారి నడుమును చేరినప్పుడు భ్రమణము మందగించును గనుక, ప్రతి జారుడును తరువాతి జారుడును ఆలసింపజేయునని ఆయనయు ఆయన శిష్యులును చేసిన గణనల సారాంశము. గుండ్ల లెక్కకును ఈ లెక్కకును ఎచ్చట పొంతన కుదురునో అచ్చట మనకు ధైర్యము కలుగును. నాకు ఈ రెండవ మార్గమునందే పక్షపాతము కొంచెము హెచ్చు, ఏలయనగా అందు కారణము కంటికి కనబడును.

అనుకరణలును అంచనాలును సరియైనచోట్లనే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. బెన్నూను దూరమునుండి పరిశీలించినవారు, వెచ్చబడి చల్లబడు తీరును బట్టి, దాని పైతలము సన్నని గులకతో చదునుగా ఉండునని తలంచిరి. 2018 డిసెంబరులో ఓసిరిస్-రెక్స్ నౌక అచ్చటికి చేరి చూడగా ఎల్లెడల బండలే; నౌక దిగుటకు చదునైన చోటు వెదకుటకే నెలలు పట్టినది. 2020 అక్టోబరు 20న దాని చేయి సెకనుకు పది సెంటీమీటర్ల నెమ్మదితో నేలను తాకినది. నేల అడ్డగింపవలసినది, అడ్డగింపలేదు. ఆ చేయి రాళ్ల నడుమకు అర మీటరు దాక దిగిపోయినది. వెనుకకు నెట్టు రాకెట్లు వెలుగకున్న నౌక ఇంకను లోతునకు పోయియుండెడిదని, ఆ పైపొర పట్టు దాదాపు శూన్యమని, తరువాత చేసిన రేణుగణనలు చెప్పినవి. సంఘటన జరిగిన పిదప కారణము చెప్పుట సులభమని మీరు నవ్వవచ్చును. కాని ఆ చేయి దిగుచున్నంతసేపు నౌకలోని పరికరములు కొలిచిన మందగమనమే ఆ గణనలకు పరీక్షాపత్రమైనది. 2023 సెప్టెంబరు 24న ఆ నౌక తెచ్చిన 121.6 గ్రాముల మట్టి భూమిని చేరినది. ర్యుగూ విషయమునను ఇట్టిదే జరిగినది. 2019 ఏప్రిలు 5న జపానువారు రెండు కిలోల రాగిగుండును సెకనుకు రెండు కిలోమీటర్ల వేగముతో దానిపై ప్రయోగింపగా, పది మీటర్లకు మించిన గుంట పడినది. నేలకు గట్టిపట్టున్నచో అంత పెద్ద గుంట పడదు.

1950 డి.ఏ. కుప్ప పట్టువలననే నిలుచునని ఒక లెక్క, బెన్నూ పైతలమునకు పట్టే లేదని ఇంకొక లెక్క. ఈ రెంటికిని వైరుధ్యము లేదు. లోపలి రాశి వేరు, పైపొర వేరు, ఒక శకలపు ధూళి వేరు, ఇంకొకదానిది వేరు. అయినను అన్ని గ్రహశకలములకు ఒకే అంకె వేసి లెక్కగట్టువారిని చూచినప్పుడు, ఒకే కొలతతో ఊరందరికి చొక్కాలు కుట్టించువానిని చూచినట్లుండును.

ఇదంతయు ఎవరికి ఉపకారమని అడుగువారు ఉందురు. 2022 సెప్టెంబరు 26న అమెరికావారి డార్ట్ నౌక సెకనుకు ఆరు కిలోమీటర్లకు పైబడిన వేగముతో డైమార్ఫాస్ అను సుమారు 150 మీటర్ల శకలమును బుద్ధిపూర్వకముగా ఢీకొన్నది. ఏనాడైనను భూమివైపు రాగల శకలమును దారి తప్పింపవచ్చునా యని తెలిసికొనుటకు ఆ ప్రయత్నము. డైమార్ఫాస్ తన పెద్ద జతగాడగు డిడిమాస్ చుట్టు తిరుగుటకు పట్టు కాలము 11 గంటల 55 నిమిషములనుండి 33 నిమిషములు తగ్గినది. 73 సెకనులు తగ్గినను ప్రయత్నము సఫలమే యని వారు ముందుగా అనుకొన్నారు. ఇంతటి ఫలమునకు కారణము నౌక తాకిడి యొక్కటియే కాదు, ఆ తాకిడికి వెనుకకు చిమ్మిన రాళ్లును మట్టియు తుపాకి తన్నినట్లు శకలమును ముందుకు నెట్టినవి. గట్టి శిల ఐనచో అంత మట్టి చిమ్మదు. రాబోవు శకలము ఇనుపముద్దయో, బండయో, కుప్పయో తెలియక దానిమీదికి నౌకను పంపుట, రోగము తెలియక మందిచ్చుట వంటిది. నెడగొల్లలో పడినట్టి ఇనుము నూరు పతనములలో అయిదారింటికి మించదు. తక్కినవన్నియు దాదాపు రాళ్లే.

మన కళాశాలల విద్యార్థులతో ఒక్క మాట. ఈ విద్యకు పెద్ద దూరదర్శిని అక్కరలేదు, కొండశిఖరమున వేధశాల అక్కరలేదు. లిగ్స్, యాడే వంటి రేణుగణన క్రమణికలు ఎవరికైనను ఉచితముగా లభించును. కళాశాలలోని సామాన్యమైన కంప్యూటరుపై కొన్నివేల రేణువులతో పని ప్రారంభింపవచ్చును. నాగావళి ఇసుకను ఆరబెట్టి, గరాటునుండి గచ్చుమీదికి పోసి, ఆ కుప్ప వాలును కోణమానినితో కొలిచి, యంత్రములోని కుప్పకు అదే వాలు వచ్చువరకు ఘర్షణాంకమును సరిదిద్దుడు. పిదప గురుత్వమును లక్షవ వంతునకు తగ్గించి అదే కుప్పను మరల పోయుడు. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయము, విజయనగరమున ఇంజనీరింగు విద్యాలయము ఉన్నవి; భౌతికశాస్త్ర విద్యార్థియు, సివిలు ఇంజనీరింగు విద్యార్థియు, కంప్యూటరు విద్యార్థియు ఒకే బల్లవద్ద కూర్చుండి చేయదగిన పని యిది.

డైమార్ఫాస్‌పై తాకిడి తరువాత ఏమి మిగిలినదో ఇంతవరకు ఎవరును చేరువనుండి చూడలేదు. 2024లో రాదుకాన్ ప్రభృతులు ప్రకటించిన గణన ప్రకారము, అచ్చట చక్కని గుంట యుండకపోవచ్చును. అంత వదులైన కుప్పకు గుంట పడుటకు మారుగా ఆకారమే మారిపోయియుండవచ్చును. ఐరోపావారి హేరా నౌక 2024 అక్టోబరు 7న బయలుదేరినది. 2026 సంవత్సరము చివర అచ్చటికి చేరవలసియున్నది. అది పంపు మొదటి ఛాయాచిత్రములు పత్రికలలో వచ్చినప్పుడు, దయచేసి గుంట యున్నదా లేదా యను ఒక్క సంగతిని చూడుడు; గణకులు గెలిచినదియు ఓడినదియు మీకే తెలియును.